మోత మేస్త్రి డబ్బా

మా అమ్మాయి పుట్టిన రోజున పురిటి గది బయట కాళ్ళు కాలిన పిల్లిలా తిరగాల్సిన మనిషి, కుర్చీ ఎక్కి నిలబడ్డాడట. వరండా కప్పు కింద నుంచి పోతున్న చల్లగాలి గొట్టాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, "ఎవడు చేశాడయ్యా దీన్ని? డోలులా మోగుతోంది," అని పక్కవాళ్ళను అడిగాడట. ఆడపిల్ల పుట్టిందని చెప్పడానికి వచ్చిన నర్సు, ముందు ఆ కుర్చీ దిగమని చెప్పి తర్వాత ఆ మాట చెప్పిందట. ఆ మహానుభావుడే మా ఆయన.

ఆయనది రేకుల పని. పెద్ద భవనాల్లో గాలి గొట్టాలు, హోటలు పొయ్యిల మీద పొగగూళ్ళు, మీటరు పెట్టెలు, ట్రంకులు, అన్నీ చేస్తాడు. షెడ్డులో ఆయన్ని అందరూ మోత మేస్త్రి అంటారు. ఏ రేకు వస్తువు కంటబడినా కణుపుతో తట్టకుండా ఉండలేడు కాబట్టి ఆ పేరు. చుట్టాలింటికి వెళ్తే వాళ్ళ ఫ్రిజ్జు తడతాడు. బస్సెక్కితే ముందు సీటు వెనక రేకు తడతాడు. ఒకసారి బ్యాంకులో లాకరు తలుపు తడితే కాపలావాడు లేచి నిలబడ్డాడు.

తట్టిన తర్వాత ఆయన మొహం చూడాలి. ఆ పని చెడ్డదైతే మొహం వెలిగిపోతుంది, ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు. మంచిదైతే మాడిపోతుంది. "పర్లేదు," అంటాడు. పరాయి పనివాడి గురించి ఆయన నోట 'బాగుంది' అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే మా ఆయన్ని చూసే అని ఉంటారు. వాళ్ళ షెడ్డుకు ఎదురుగా ఇంకో షెడ్డు వెలిసి, అందులో కొత్త మడత మిషను దిగిన రోజున ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నాటకమేమో అనుకుని థర్మామీటరు పెట్టి చూశాను. నిజంగానే జ్వరం.

ఇదంతా చెబుతున్నానని నేనేదో శాంతమూర్తిని అనుకోకండి. నాకూ ఉంది కుళ్ళు. ఆయనది పనివాళ్ళ మీద, నాది రేకు మీద.

నేను బట్టలు కుడతాను. ముందు గదిలో నా మిషను, కత్తిరింపు బల్ల, కిటికీ. ఈ ఇంటి సంపాదనలో సగం ఆ గదిలోంచే వచ్చింది. అయినా ఆయనకు నా పని లోకువ. "గుడ్డదేముందే, తప్పు పోతే విప్పి మళ్ళీ కుట్టుకుంటావు. రేకు అలా కాదు, ఒకసారి వంగిందంటే వంగిందే," అంటాడు. ఆయన సెల్లు మర్చిపోతే ఇవ్వడానికని ఒకసారి షెడ్డుకు వెళ్ళాను. కోసే ముందు రేకు మీద అరచేత్తో నిమురుతున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఎంత నిదానంగానో. నాకు తలనొప్పి వచ్చిన ఏ రోజునా ఆ చెయ్యి నా నుదుటి మీద అంత నిదానంగా పడలేదు. సెల్లు బల్ల మీద పడేసి వచ్చేశాను. ఏమైందని సాయంత్రం అడిగితే ఏమీ లేదన్నాను. ఆయన నమ్మేశాడు, అది ఇంకో ఒళ్ళుమంట.

అమ్మాయి పుట్టాక ఆ చేతులు ఇంటికీ పనికొచ్చాయి. కాకపోతే దానికోసమే. జారుడు మూత ఉన్న పెన్సిలు పెట్టె, అంచులు లోపలికి మడిచిన స్టూలు, పుస్తకాల అలమర, పెద్దయ్యాక దాని గదికి కిటికీ నీడరేకు. అడిగినా అడక్కపోయినా చేసిచ్చేవాడు. అదీ తక్కువ తిన్లేదు. బడిలో, కాలేజీలో, ఎక్కడైనా సరే, "మా నాన్న చేశాడు," అని వస్తువు తిప్పి తిప్పి చూపించేది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒక జట్టు. నాకోసం మాత్రం ఒక్క గీత గీసిన పాపాన పోలేదు ఆయన. నా దారపు కండెలు ఈనాటికీ బిస్కెట్ల డబ్బాలోనే ఉన్నాయి.

తర్వాత అల్లుడు వచ్చాడు. పిల్ల తనే చూసుకుంది, మేము సరేనన్నాం. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించే పని అతనిది. తక్కువ మాటలు, శుభ్రమైన గోళ్ళు. మా మేడ మీద వాటాలోనే కాపురం పెట్టారు. వచ్చిన మొదటి రోజే మా ఆయన అతని మోటారు సైకిలు ట్యాంకును తట్టి చూశాడు. అల్లుడు తన జేబు రుమాలుతో ఆ కణుపు మచ్చను తుడిచాడు. అప్పుడే అనుకున్నాను, వీళ్ళిద్దరికీ మూడో రోజు దాకా కూడా పొసగదని. పైకి మాత్రం "మామయ్యా", "అల్లుడూ" అని ఎంతో మర్యాద.

మా అమ్మాయి మాటలు రికార్డు చేసే స్టూడియోలో పని చేస్తుంది. మనుషులు చదివిన పాఠాలు, ప్రకటనలు తీసుకుని అందులో దగ్గులూ తుమ్ములూ కోసేసి అతికిస్తుంది. సగం రోజులు స్టూడియోలో, సగం రోజులు ఇంట్లో. ఇంట్లో దాని కంప్యూటరుతోనే వచ్చింది చిక్కంతా. సీపీయూ డబ్బా పల్చటి రేకు. లోపల ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ రేకు గుయ్యిమంటుంది, ఆ గుయ్యి మైకులోకి ఎక్కుతుంది. ఎండాకాలం వేడెక్కి నడి పనిలో ఆగిపోతుంది కూడా. కొత్త డబ్బా కొనడం కంటే మందపాటి లోహంతో, తన పనికి సరిపోయేట్టు, చప్పుడు రాకుండా ఒకటి చేయిస్తే బాగుంటుందని అది ఒక ఆదివారం అందరం టీ తాగుతుండగా అంది.

మా ఆయన కప్పు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. జేబులో కొలత టేపు ఉందో లేదో పైనుంచి తడిమి చూసుకున్నాడు. "నాన్నా, చేసిపెడతావా" అని అడగడమే తరువాయి.

"నేను చేస్తాను," అన్నాడు అల్లుడు.

అమ్మాయి అతని వంక చూసింది, వాళ్ళ నాన్న వంక చూసింది, మళ్ళీ అతని వంక చూసింది. "సరే," అంది.

ఆ టీ చల్లారిపోయింది. నేనే తీసుకెళ్ళి పారబోశాను.

"అడుగుతాడు చూడు," అన్నాడు మా ఆయన ఆ రాత్రి పడుకోబోతూ. "అద్దం ముక్కలు అరగదీసుకునేవాడికి రేకు వంచడం ఏం తెలుసు? రేపో మాపో దిగొచ్చి, మామయ్యా, ఒక చెయ్యి వెయ్యండి అంటాడు."

అల్లుడు దిగి రాలేదు. గళ్ళ కాగితం కొన్నాడు. ఏ భాగం ఎంత ఎత్తు, ఏది ఎక్కడ కూర్చోవాలి, చల్లగాలి ఎటు నుంచి రావాలి, వేడిగాలి ఎటు పోవాలి, అన్నీ గీసుకున్నాడు. ఆ గీతల ప్రకారం ముందు అట్టతో ఒక డబ్బా చేసి, లోపల చెయ్యి పెట్టి స్క్రూడ్రైవరు తిరుగుతుందో లేదో చూసుకుని, అట్టను మళ్ళీ కోసి మళ్ళీ అతికించాడు. ఆ అట్ట డబ్బా వాళ్ళ బల్ల మీద ఉండేది. మా ఆయన నీళ్ళ మోటారు వంక పెట్టుకుని పైకి వెళ్ళి చూసొచ్చేవాడు.

"అట్ట!" అనేవాడు మెట్లు దిగుతూ. "రేకుకు మందం ఉంటుంది, మడత దగ్గర కొలత తింటుంది. అట్టకేం తెలుసు ఆ సంగతి?"

"వెళ్ళి చెప్పండి మరి."

"నన్ను అడిగాడా?"

ఆ మాట మా ఇంట్లో గోడ గడియారం చప్పుడులా అయిపోయింది. నన్ను అడిగాడా. అది అడిగిందా. ఎవరైనా అడిగారా. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను నా మిషను తొక్కుకునేదాన్ని.

అట్ట అయ్యాక అల్యూమినియం పలకలు వచ్చాయి. అల్లుడు డాబా మీద సెలవు రోజుల్లో పని మొదలుపెట్టాడు. పలకలను వంచే జోలికి పోలేదు. మూలల్లో ఎల్ ఆకారం కమ్మీలు పెట్టి, పలకలను వాటికి బిగించేట్టు ఆలోచించాడు. కింద పడక కుర్చీలో కూర్చుని మా ఆయన చప్పుళ్ళు వినేవాడు. చూడక్కర్లేదు ఆయనకు, వింటే చాలు.

"డ్రిల్లు గట్టిగా అదుముతున్నాడు. అవతలి వైపు గరుకు అంచు లేస్తుంది." కాసేపటికి, "ఆకురాయి అడ్డంగా పట్టాడు." ఇంకాసేపటికి, "ఇప్పుడు సరిగ్గా పట్టాడు."

అక్కడి నుంచి ఆకురాయి చప్పుడు ఒకే తీరుగా, ఒకే బరువుతో చాలాసేపు వినిపించింది. అద్దం అంచులు అరగదీసిన చెయ్యి కదా, తొణకదు. మా ఆయన ఒక్క వంకా పెట్టలేకపోయాడు. కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళి రేడియో పెద్దగా పెట్టాడు.

నేను ఊరుకోలేక ఒక రోజు అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. "మీ నాన్నను ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందే?"

"నేనేం చెయ్యనమ్మా," అంది అది. "కూర్చుంటే మీ నాన్న స్టూలు, లేస్తే మీ నాన్న అలమర, ఎండొస్తే మీ నాన్న నీడరేకు, ఈ ఇంట్లో నేను చేసిందంటూ ఒక్కటైనా ఉండొద్దా అన్నాడు మీ అల్లుడు. ముట్టుకున్న ప్రతి వస్తువు దగ్గరా మా నాన్న, మా నాన్న అంటానట. అంటానా?"

"అంటావు," అన్నాను. నాకు తెలియదూ?

ఆ సంగతి ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "ఏమన్నాడు? మళ్ళీ చెప్పు," అని రెండోసారి చెప్పించుకుని విన్నాడు. "కుళ్ళుకుంటున్నాడన్నమాట!" అని తొడ మీద చరుచుకున్నాడు. ఆ పూట కూర బాగుందన్నాడు, నిన్నటి కూరే అది. కానీ తెల్లారేసరికి ఆ ఉత్సాహం దిగిపోయింది. మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

"ఒక్కటైనా అన్నాడా? ఈ ఒక్కటీ అయితే రెండోది చేస్తాడు. తర్వాత అలమర మారుస్తాడు. స్టూలు అటకెక్కుతుంది. ఇక మా నాన్న అనడానికి దానికేం మిగులుతుంది చెప్పు?"

నాకు జాలేసింది. వెంటనే, నేను కుట్టిన గౌనుల్లో పెరిగిన పిల్ల ఒక్కనాడైనా "మా అమ్మ కుట్టింది" అని ఎవరికైనా తిప్పి చూపించిందా అని గుర్తొచ్చి, ఆ జాలి కాస్తా ఆవిరైపోయింది.

"నేనూ చేస్తా," అన్నాడు ఆయన. "చేసి పక్కన పెడతా. ఏది తీసుకుంటుందో దాని ఇష్టం."

ఇద్దరూ పనిలోకి వెళ్ళిన రోజు చూసి, మా దగ్గరుండే రెండో తాళంతో పై వాటా తీశాం. నా చేతికి టార్చి ఇచ్చాడు. ఆయన షెడ్డు పద్ధతి ఒకటుంది. పాత గొట్టానికి కొత్త ముక్క అతకాలంటే టేపు పెట్టడు. కాగితం ఆనించి, వేలికి పెన్సిలు పొడి అద్దుకుని రుద్దుతాడు. రంధ్రాలు, అంచులు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద పడతాయి. "టేపు అబద్ధమాడుతుంది, కాగితం ఆడదు," అంటాడు. ఆ కాగితం నా దగ్గరిదే, చొక్కాల నమూనాలు గీసుకునే ఖాకీ కాగితం. అడక్కుండానే కాగితం చుట్ట పట్టుకొచ్చాడు.

కంప్యూటరు ఒక పక్క మూత తీశాడు. లోపల బోర్డు, తీగలు, ఫ్యాన్లు. కాగితం దూర్చడానికి వేలెడంత చోటు లేదు. "ఈ అడవిలో ఏం కనిపిస్తుంది," అని దాన్ని తిప్పి, రెండో పక్క మూత తీశాడు. అక్కడ బోర్డు లేదు. బోర్డును మోసే గోడ వీపు మాత్రమే ఉంది, నున్నగా, స్క్రూల రంధ్రాలతో. కాగితం చక్కగా ఆనింది. రుద్దాడు. వెనక గోడకు కూడా బయటి నుంచి అలాగే అచ్చు తీసుకున్నాడు. అన్నీ ఎక్కడివక్కడ బిగించి, దొంగల్లా మెట్లు దిగాం. చాలా ఏళ్ళ తర్వాత ఆయనా నేనూ కలిసి చేసిన పని అదొక్కటే. నాకు లోలోపల సరదాగానే ఉంది, అబద్ధం ఎందుకు.

ఆ సరదా ఎంతోసేపు ఉండనివ్వలేదు ఆయన. పెరట్లో బల్ల వేసుకుని రోజూ సాయంత్రం ఎండ ఉండగానే పని మొదలుపెట్టేవాడు. నా కిటికీలోంచి అంతా కనిపించేది. మందమైన ఇనుప రేకు తెచ్చాడు. పని నేర్చుకున్న నాటి నుంచి ఆయనకు ఒక నియమం. గీతలన్నీ పెట్టె లోపలికి పోయే ముఖం మీదే గీయాలి, బయటి ముఖానికి సూది మొన కూడా తగలకూడదు. నా అచ్చు కాగితం రేకు మీద పరిచి, రంధ్రాలు గుర్తు పెట్టి, తొలిచి, అంచులు పైకి మడిచాడు. రివిట్టు లేకుండా అంచును అంచులో దూర్చి చెక్క సుత్తితో బిగించాడు. పెద్ద పలకలు మోగకుండా మూల నుంచి మూలకు కంటికి కనీకనిపించని సన్న మడత పెట్టాడు. గాలి గొట్టాలకు పెట్టే మడత అది. గాలి వచ్చే చీలికలు ఒక్కొక్కటీ ఆకురాయితో నున్నగా చేశాడు.

ఒక అంచు మడతకు మొరాయించింది. "ఏమ్మా, అలిగావా?" అన్నాడు రేకుతో. "రా తల్లీ, ఇటు రా. నెమ్మదిగా."

నేను కుడుతున్న కాలరు వంకర పోయింది. రేకు ఆయనకు అమ్మట, తల్లట. నన్ను పిలవాలంటే "ఇదిగో" అంటాడు.

పని అయిపోయింది. సెలవు రోజు పొద్దున్నే డబ్బా తెచ్చి, నా కత్తిరింపు బల్ల మీద ఉన్న చొక్కా గుడ్డలు పక్కకు నెట్టి పెట్టాడు. బూడిద రంగు వేశాడు. మూలల్లో వెంట్రుక దూరే సందు లేదు. తట్టాడు. టప్ మని ఒక్క పొడి చప్పుడు, అంతే. "చూడు," అన్నాడు. మూత తీసి లోపల వేలు పెట్టి చూపించాడు. "బోర్డు ఇక్కడ కూర్చుంటుంది. తీగలు ఇటు నుంచి. వేడిగాలి అటు. సాయంత్రం పైకి తీసుకెళ్తా." షెడ్డులో చిన్న పనుందని వెళ్ళిపోయాడు.

నేను నా పనిలో పడ్డాను. చొక్కా చేతులు కత్తిరించాలి. మేమూ గుడ్డ లోపలి వైపే సుద్దతో గీస్తాం, బయట మరక పడకూడదని. ఒక చెయ్యి గీశాక రెండో దానికి నమూనా కాగితాన్ని తిరగేసి పెట్టాలి. తిరగెయ్యకపోతే రెండూ కుడి చేతులే అవుతాయి. కొత్తగా నేర్చుకునే ప్రతి ఒక్కరూ చేసే తప్పు అది. నేనూ చేశాను. కాగితం తిరగేస్తూ ఉంటే నా చెయ్యి ఆగిపోయింది. పక్కనే ఆయన తీసిన అచ్చు కాగితం ఉంది.

అచ్చు తీసింది గోడ వీపు నుంచి. టార్చి పట్టుకున్నది నేనే కదా. గీసిందేమో లోపలి ముఖం మీద, బోర్డు కూర్చునే వైపు. కాగితం తిరగెయ్యలేదు. ఆయన షెడ్డులో తిరగెయ్యాల్సిన పని ఎప్పుడూ రాలేదు, గొట్టానికి ఈ వైపైనా ఆ వైపైనా ఒకటే. కాబట్టి ఈ డబ్బాలో ప్రతి రంధ్రమూ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. మా అమ్మాయి బోర్డు ఇందులో కూర్చోదు. ఇంత పనితనమూ ఎడమ చెయ్యి కావాల్సిన చోట కుడి చెయ్యి.

ముందు నాకు సంతోషమేసింది. ఉన్నమాట చెబుతున్నాను. గుడ్డదేముందే, విప్పి కుట్టుకుంటావు అన్న మనిషి, విప్పడానికి వీల్లేని దాన్ని తప్పు కుట్టాడు. ఫోను చేసి చెప్పొచ్చు. చెయ్యలేదు. చొక్కా చేతులు రెండూ కుట్టాను, కాలరు విప్పి సరిచేశాను, బొత్తాలు కూడా కుట్టేశాను.

సాయంత్రం ముందే వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా అస్తరు గుడ్డ ఒకటి, అదీ అడక్కుండానే, డబ్బా మీద కప్పాడు. రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కుతున్నాడు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. అప్పుడు నాకు పై గది కళ్ళ ముందు కనిపించింది. అల్లుడు చూస్తాడు. కుడి కన్ను అద్దం ఎడమ కంటికి పెట్టకుండా రోజంతా చూసుకునే మనిషి, క్షణంలో పట్టేస్తాడు. పట్టేసి నవ్వడు, మంచివాడు కదా, జాలిపడతాడు. నా మొగుణ్ణి చూసి కుళ్ళుకోవడానికీ తిట్టుకోవడానికీ నేనున్నాను. జాలిపడే అవకాశం మాత్రం ఇంకొకరికి ఇవ్వను.

"ఆగండి," అన్నాను. "అది తిరగబడింది."

"ఏది?"

"దిగి రండి, చెప్తాను."

అచ్చు కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. వెలుగులో రంధ్రాలు కనిపించాయి. "ఇది వీపు వైపు నుంచి తీశారు," అన్నాను. తర్వాత కాగితం తిరగేసి పట్టుకున్నాను. "ఇలా గీయాల్సింది." రెండోసారి చెప్పే పని పడలేదు. ఆయన మూత తీసి లోపలికి చూశాడు, కాగితం వంక చూశాడు, కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. నేనే కుర్చీ జరిపాను.

అప్పుడే పై నుంచి అమ్మాయి కేకేసింది. "నాన్నా! డబ్బా అయిపోయింది! నువ్వొచ్చి తట్టి చూడాలట!"

వెళ్ళడేమో అనుకున్నాను. లేచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

అల్లుడి డబ్బా బల్ల మీద ఉంది, లోపల కంప్యూటరు నడుస్తోంది. తెల్లగా, మొరటుగా, నాలుగు మూలలా స్క్రూలు కనిపిస్తూ. కానీ అంచులు కళ్ళజోడు అద్దం అంచుల్లా నున్నగా ఉన్నాయి. పలకకూ కమ్మీకీ మధ్య రబ్బరు పట్టీ పెట్టాడు. అల్లుడు గోడకానుకుని పరీక్ష ఫలితాలు వినబోయే పిల్లవాడిలా నిలబడ్డాడు. మా ఆయన పై పలక తట్టాడు. పక్కలు తట్టాడు. వెనక తట్టాడు. వంగి చెవి ఆనించాడు. ఎక్కడో ఒక్క చోట మోగకపోతుందా అని ఆయన వెతుకుతున్నాడని నాకు తెలుసు. చాలాసేపు వెతికాడు. చివరికి ఆ అరచెయ్యి పై పలక మీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాడు.

"మోగడం లేదు," అన్నాడు.

"అంటే?" అన్నాడు అల్లుడు.

"అంటే బాగుందని," అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. "మా నాన్న భాషలో అంతకంటే పెద్ద మాట లేదు." అల్లుడు నోరంతా తెరిచి నవ్వాడు. మా నాన్న అన్న ముక్క చెవిన పడేసరికి ఆ నవ్వు సగానికి తగ్గింది.

కిందికి వచ్చాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద ఆయన డబ్బా, దాని పక్కన నేను కుట్టిన చొక్కా.

"నువ్వెప్పుడు చూశావు?" అన్నాడు.

"పొద్దున."

"పొద్దున చూసి ఇప్పటిదాకా చెప్పలేదా?"

"చెప్పలేదు."

"ఎందుకని?"

"కుళ్ళుతో," అన్నాను. నోటికొచ్చింది, ఇక ఆపలేదు. "ఇనప రేకును అమ్మా, తల్లీ అని పిలిచారు. కూతురికి చేశారు, ఊళ్ళో ఉన్న పొయ్యిలన్నిటికీ చేశారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకోసం ఏం చేశారు? నా కాగితం తీసుకున్నారు, నా అస్తరు తీసుకున్నారు, నా బల్ల మీద నా పని పక్కకు నెట్టారు."

ఆయన తెల్లబోయి చూశాడు. "నువ్వెప్పుడైనా అడిగావా?" అన్నాడు.

"ఈ డబ్బా చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?"

మా ఆయన డబ్బా వంక చూశాడు. కణుపు తట్టడానికి లేచిన చెయ్యి గాల్లోనే ఆగి ఒళ్ళోకి దిగింది.

"సరే," అన్నాడు. "ఇప్పుడు నేనడుగుతున్నా. నీకేం కావాలి?"

దారపు కండెలకు పెట్టె అందామనుకున్నాను. నోరు రాలేదు. బిస్కెట్ల డబ్బా బాగానే ఉంది, అందులో కండెలు బాగానే సర్దుకున్నాయి. నాకు కావాల్సింది రేకుతో చేసేది కాదు. ఇన్నేళ్ళూ ఆ రేకును చూసి ఏడ్చిన నాకే ఆ సంగతి అప్పుడు తెలిసింది.

"ఆలోచించి చెప్తాను," అన్నాను.

"ఆలోచించు," అన్నాడు. కుర్చీ నా మిషను ఎదురుగా జరుపుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. జేబులోంచి టేపు తియ్యలేదు.